హారన్ మూగబోతే తప్పు హారన్‌దేనా?

తొలకరి పడిన వారానికి నా బండి హారన్ గొంతు పూడుకుపోయింది. కొత్తది వేయించాను. అదీ అలాగే మూలిగింది. తీరా చూస్తే దోషం టెర్మినల్‌కు పట్టిన పచ్చటి చిలుముది. నిక్షేపంలాంటి పాత హారన్‌ను అప్పటికే పారేశాను. మీరు ఆ పని చేయకూడదనే ఇది రాస్తున్నాను.

అపోహ: శబ్దం తగ్గిందంటే హారన్ మార్చాల్సిందే.

వాస్తవం: ముందు హారన్ వైర్లు రెండూ ఊడదీసి, వేరే వైరు ముక్కలతో దాన్ని నేరుగా 12 వోల్టుల బ్యాటరీకి కలిపి చూడండి. గట్టిగా మోగితే హారన్ బాగున్నట్టే, కరెంటే దారిలో ఎక్కడో ఆగుతోంది. తుప్పు పట్టిన టెర్మినళ్లు, వదులైన ఎర్త్, స్విచ్ లోపలి కాంటాక్టులు చూడాలి. హ్యాండిల్ తిప్పినప్పుడు మాత్రమే హారన్ తెగి తెగి మోగుతుంటే హ్యాండిల్ మెడ దగ్గర వైరు నలిగిందేమో చూడండి. మల్టీమీటర్ ఉంటే బటన్ నొక్కిపట్టి హారన్ దగ్గర వోల్టేజీ కొలవండి. నొక్కకుండా కొలిస్తే లాభం లేదు, కరెంటు పారుతున్నప్పుడే చిలుము సంగతి బయటపడుతుంది. అదే సమయంలో బ్యాటరీ దగ్గర 12 ఉండి ఇక్కడ 9 చూపిస్తే ఆ 3 వోల్టులూ దారిలో పోయినట్టే. గరుకు కాగితంతో టెర్మినళ్లు రుద్దితే చాలాసార్లు పని అయిపోతుంది.

అపోహ: హెడ్‌లైటు బాగా వెలుగుతోంది, బ్యాటరీకి ఢోకా లేదు.

వాస్తవం: చాలా పాత బళ్లలో హెడ్‌లైటుకు బ్యాటరీతో పనే లేదు, ఇంజిన్ తిరిగితే పుట్టే కరెంటే చాలు. కిక్కు కొడితే బండి కూడా స్టార్టవుతుంది. హారన్‌కు మాత్రం బ్యాటరీ కావాలి. ఇంజిన్ ఆపి నొక్కితే నీరసంగా, రేజ్ చేస్తే గట్టిగా మోగుతోందంటే బ్యాటరీని చార్జింగుకు పెట్టించండి.

అపోహ: వెనక స్క్రూ బిగించేకొద్దీ శబ్దం పెరుగుతుంది.

వాస్తవం: ఎక్కువ హారన్లను పాడుచేసేది ఈ నమ్మకమే. హారన్ లోపల విద్యుదయస్కాంతం పలుచటి ఉక్కు రేకును లాగుతుంది. రేకు కదలగానే పాయింట్లు విడిపోయి కరెంటు ఆగుతుంది, రేకు వెనక్కొస్తుంది, పాయింట్లు మళ్లీ కలుస్తాయి. సెకనుకు కొన్ని వందల సార్లు ఇలా జరిగితేనే మనకు హారన్ మోత వినిపిస్తుంది. స్క్రూ సరిచేసేది ఆ పాయింట్లనే. పాయింట్లు అరిగినప్పుడు పావు చుట్టు లోపల, కొంచెం కొంచెంగా తిప్పుతూ ప్రతిసారీ మోగించి వినాలి. హద్దు దాటితే పాయింట్లు అసలు కలవవు, హారన్ మూగబోతుంది. లేదా అసలు విడిపోవు, అప్పుడు ‘టక్’మని ఒక్క చప్పుడే వస్తుంది. అలాగే నొక్కిపడితే కాయిల్ కాలిపోవచ్చు.

హారన్‌లో నూనె కొట్టడం కూడా వద్దు. దుమ్ము అంటుకుని రేకు మరింత బరువెక్కుతుంది.

అపోహ: దీనికన్నా పెద్ద హారన్ పెట్టేస్తే గొడవ వదిలిపోతుంది.

వాస్తవం: రిలే లేకుండా పెడితే ఆ అదనపు కరెంటంతా చిన్న స్విచ్ మీద పడుతుంది, దాని కాంటాక్టులు కాలిపోతాయి, ఫ్యూజూ ఎగరొచ్చు. ఇక రాగాలు మార్చి మార్చి మోగే హారన్లను 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 119వది నిషేధించింది.