శ్వాసను వినే సెన్సర్లు

శస్త్రచికిత్స తరువాత నొప్పిని తగ్గించడానికి ఇచ్చే మార్ఫిన్, ఫెంటనిల్ వంటి ఓపియాయిడ్ మందులు మెదడులో శ్వాసను నడిపించే కేంద్రాన్ని కూడా మందగింపజేయగలవు కాబట్టి, వాటిని తీసుకుంటున్న రోగి నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి పీలుస్తున్నాడో గమనించడం అత్యవసరం. విశ్రాంతిగా ఉన్న పెద్దవారిలో సాధారణంగా 12 నుంచి 20 వరకు ఉండే ఈ సంఖ్యను అనేక వార్డుల్లో నేటికీ నర్సులు ఛాతీ కదలికను చూసి లెక్కిస్తారు. ఒక లెక్కకూ మరో లెక్కకూ మధ్య గంటలు గడిచినప్పుడు, ఆలోగా వచ్చిన మార్పు ఎవరి దృష్టికీ రాకపోవచ్చు.

వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటర్ రక్తంలోని ఆక్సిజన్ స్థాయిని చూపుతుంది. అయితే రోగికి అదనంగా ఆక్సిజన్ ఇస్తున్నప్పుడు, శ్వాస మందగించినా ఆ స్థాయి కొంతసేపు నిలకడగానే కనబడుతుంది. ఛాతీపై అతికించిన ఎలక్ట్రోడ్ల మధ్య విద్యుత్ నిరోధంలో వచ్చే మార్పును బట్టి శ్వాసను లెక్కించే పద్ధతిలో మరో లోపం ఉంది: గొంతులో గాలిదారి మూసుకుపోయినా ఛాతీ ఎగసిపడుతూనే ఉంటుంది గనుక, ఆ వృథా ప్రయాసను కూడా యంత్రం శ్వాసగా లెక్కవేయవచ్చు. వదిలిన గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచే కాప్నోగ్రఫీకి ముక్కు దగ్గర గొట్టం అమర్చవలసి ఉంటుంది. మెలకువగా ఉన్న రోగులు దానిని భరించలేక తీసివేస్తుంటారు.

1816లో ఫ్రెంచి వైద్యుడు రెనె లెనెక్ స్టెతస్కోపును కనిపెట్టిన నాటి నుంచి వైద్యులు దానితో అప్పుడప్పుడు వింటున్న శ్వాసధ్వనిని, ధ్వని సెన్సర్ ఎడతెగకుండా వింటుంది. మెడపై చర్మానికి అతికించే ఈ పరికరంలో, ఒత్తిడికి లోనైనప్పుడు విద్యుత్తును పుట్టించే పీజోఎలక్ట్రిక్ పదార్థం ఉంటుంది; గాలి సుడులు తిరుగుతూ శ్వాసమార్గం గుండా సాగేటప్పుడు కలిగే ప్రకంపనలు చర్మం ద్వారా దానిని చేరి విద్యుత్ సంకేతాలుగా మారగా, కంప్యూటర్ వాటి నుంచి ఉచ్ఛ్వాస నిశ్వాసాలను గుర్తించి లెక్కిస్తుంది. గాలి ప్రవాహం ఆగితే శ్వాసధ్వని కూడా ఆగుతుంది కాబట్టి, ఛాతీ కదులుతున్నప్పటికీ ఊపిరి ఆడని స్థితిని ఇది పసిగట్టగలదు.

అయితే మాటలు, దగ్గు, గురక, పరిసరాల చప్పుడు ఈ లెక్కను తప్పుదారి పట్టించవచ్చు. శ్వాస మరీ పైపైన సాగినా, సెన్సర్ చర్మం నుంచి ఊడినా సంకేతం బలహీనపడుతుంది. అనవసరపు హెచ్చరికలు పదేపదే మోగితే సిబ్బంది వాటికి అలవాటుపడి, అసలైన ప్రమాదాన్ని కూడా ఉపేక్షించే అవకాశం ఉంది. అందువల్ల ఈ పరికరాన్ని నర్సుకు ప్రత్యామ్నాయంగా భావించకుండా, నర్సు మంచం పక్కన లేని వేళల్లో కాపలాగా వాడుకోవాలి. హెచ్చరిక మోగగానే రోగి దగ్గరకు చేరుకునేందుకు తగినంత మంది శిక్షణ పొందిన సిబ్బంది ఉన్న వార్డులోనే ఆ కాపలా ప్రాణాలను నిలబెట్టగలుగుతుంది.