సిస్టర్ అనిపించుకొనే ముందు

సెలవులకు ఇంటికి వచ్చిన నర్సింగ్ విద్యార్థినిని కాలనీవాసులు చదువు పూర్తికాక ముందే "సిస్టర్" అని సంబోధించడం మనమెరిగినదే. ఎవరికి చేయి కాలినా, ఎవరు సొమ్మసిల్లినా మొదటి కబురు ఆమెకే. ఆ క్షణంలో ఆక్సిజన్ సిలిండరు ఉండదు, పక్కన వైద్యుడు ఉండడు. ఉన్నవి రెండు చేతులు, నేర్చిన విద్య మాత్రమే. భారతీయ నర్సింగ్ మండలి 2021లో సవరించిన బి.ఎస్‌సి. నర్సింగ్ పాఠ్యప్రణాళికలో ప్రథమ చికిత్సకు 40 గంటల శిక్షణను తప్పనిసరి చేయడం సమంజసమే.

తొలిచూపు పరిసరాలపై

రోగిని తాకక ముందే పరిసరాలను పరికించడం మొదటి పాఠం. విద్యుదాఘాతానికి గురైన వ్యక్తిని మెయిన్ స్విచ్ ఆపకుండా ముట్టుకుంటే, ఆదుకోబోయినవారే ఆపదలో పడతారు. ఘాజియాబాద్ చలికాలంలో మరొక అపాయం పొంచి ఉంటుంది. ఇక్కడివారు అంగీఠీ అనే బొగ్గుల కుంపటిని మూసిన గదిలో వెలిగించి నిద్రిస్తే, రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ గదినిండా వ్యాపిస్తుంది. ముందు తలుపులు తెరవాలి. బాధితుని ఆరుబయటకు చేర్చాలి. తక్కిన చికిత్స ఆ తరువాతనే.

శ్వాస ఆగినపుడు

పిలిచినా పలుకక, సాధారణంగా శ్వాసించని వ్యక్తి కనబడితే ఒకరిని 112కు గాని 108కి గాని ఫోను చేయమని చెప్పి, వెంటనే ఛాతీ మధ్యభాగంపై నొక్కడం ఆరంభించాలి. పెద్దవారికి 5 నుండి 6 సెంటీమీటర్ల లోతు, నిమిషానికి 100 నుండి 120 సార్లు. శిక్షణ పొందినవారు ప్రతి 30 నొక్కులకు 2 శ్వాసలు ఇవ్వాలి. ఈ పద్ధతిని 1960లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ వైద్యులు, పరిశోధకులు లోకానికి వెల్లడించారు. దీనికి ఏ పరికరమూ అక్కరలేదు.

చేయదగినవి, చేయరానివి

కాలిన చోటును 20 నిమిషాలు కుళాయి నీటి కింద ఉంచాలి; వాపు రాకముందే గాజులు, ఉంగరాలు తీయాలి. టూత్‌పేస్టు, సిరా, మంచుగడ్డ పనికిరావు. రక్తం స్రవిస్తుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టాలి. మూర్ఛ వచ్చినవారి చేతిలో తాళంచెవులు పెట్టడం, నోట చెంచా దూర్చడం మనలో పాతుకుపోయిన పొరపాట్లు. తలకు దెబ్బ తగలకుండా కాచి, మూర్ఛ తగ్గగానే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. అయిదు నిమిషాలు మించితే అంబులెన్సును పిలవాలి.

ఇరుగుపొరుగువారు చనువుతో "ఒక ఇంజెక్షన్ వేయమ్మా" అని కోరవచ్చు. వినయంగా నిరాకరించడం కూడా ఈ విద్యలో భాగమే. ప్రథమ చికిత్స ప్రాణాన్ని ఆసుపత్రి వరకు నిలుపుతుంది. ఆసుపత్రికి బదులు కాజాలదు.

రోడ్డు ప్రమాదంలో సాయపడితే చిక్కులు వస్తాయన్న భయం చాలామందికి ఉన్నది. సద్భావంతో ఆదుకొన్నవారికి 2019 నాటి మోటారు వాహనాల సవరణ చట్టంలోని 134-ఏ సెక్షన్ రక్షణ కల్పించింది.

కర్మాగారంలో పనిచేసేవారికి ఈ విషయం కొత్తది కాదు. ప్రతి 150 మంది కార్మికులకు ఒకటి చొప్పున ప్రథమ చికిత్స పెట్టెలు ఉండాలని, అవి శిక్షణ పొందినవారి అధీనంలో ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే విధించింది. పెట్టె ఒక్కటే చాలదు, దానిని తెరిచే చేతికి విద్య కావాలి. కనుక మన నర్సింగ్ విద్యార్థులు ఈ సెలవులలో తమ ఇంటిల్లిపాదికీ ఛాతీ నొక్కే పద్ధతిని ఒక దిండుపై నేర్పితే, ఆపద వేళ తాము ఇంట లేకపోయినా తమ విద్య ఇంట ఉంటుంది.