సముద్రం చీలడం చూసినవాళ్లు దూడ ముందు ఎలా కూర్చున్నారు?

రంజాన్‌లో తరావీహ్ మొదలై బఖరా సూరా నడిచే రోజుల్లో చాలా ఇళ్లలో పిల్లలు ఒక ప్రశ్న అడుగుతారు. ఫిరౌన్ సైన్యం మునిగిపోవడం కళ్లారా చూసినవాళ్లు, సముద్రం మధ్య పొడి దారిలో నడిచి బయటపడ్డవాళ్లు, కొన్నాళ్లకే ఒక దూడ బొమ్మ ముందు ఎలా కూర్చున్నారు? పెద్దవాళ్లు సాధారణంగా "షైతాన్ దారి తప్పించాడు బేటా" అని ముగించేస్తారు. ఆ జవాబు తప్పేం కాదు. కానీ ఖుర్ఆన్ ఈ సంగతిని అంత తొందరగా ముగించలేదు. బఖరా, ఆరాఫ్, తాహా సూరాల్లో మళ్లీ మళ్లీ దీని దగ్గరికి వచ్చింది. ఆ మూడు చోట్లా చెప్పింది పక్కపక్కన పెట్టి, పాత గ్రంథాల్లో, తవ్వకాల్లో దొరికిన ఆధారాలతో కలిపి చూస్తే ఒక విషయం తేలుతుంది. బనీ ఇస్రాయీల్ ఏ రోజూ కూర్చుని "ఇక అల్లాహ్‌ను వదిలేద్దాం" అని తీర్మానం చేసుకోలేదు. అల్లాహ్‌ను ఉంచుకుంటూనే పక్కన ఇంకొకరిని చేర్చుకున్నారు.

దూడ కంటే ముందే మొదలైంది

ఆరాఫ్ సూరా ప్రకారం మొదటి జారుడు సముద్రం దాటిన వెంటనే జరిగింది. దారిలో ఒక జాతి తమ విగ్రహాల దగ్గర భక్తిగా కూర్చుని ఉండటం చూశారు. చూడగానే, మాకూ అలాంటి దేవుణ్ణి ఒకరిని చేసిపెట్టమని హజ్రత్ మూసా (అ)ను అడిగారు. ఆ మాటలో మూసా దేవుణ్ణి కాదనడం ఎక్కడా లేదు. పక్కవాళ్లకు ఉన్నది మాకు లేదే అన్న లోటు మాత్రమే ఉంది.

ఇది వాళ్ల ఒక్కరి బలహీనత అనుకోకూడదు. హిజ్రీ 8లో హునైన్‌కు వెళ్లే దారిలో, కొత్తగా ఇస్లాంలోకి వచ్చిన కొందరు దాదాపు ఇదే కోరారు. ముష్రికులు ఆయుధాలు వేలాడదీసి బర్కత్ కోరుకునే జాతు అన్వాత్ అనే చెట్టు ఒకటుండేది. మాకూ అలాంటి చెట్టు ఏర్పాటు చేయమని అడిగారు. దైవప్రవక్త ముహమ్మద్ (స) వెంటనే ఈ ఆరాఫ్ సూరా ఘటననే గుర్తుచేసి, మూసాను ఆయన జాతి అడిగినట్టే మీరూ అడిగారని మందలించారు. తిర్మిజీలో ఉన్న హదీసు ఇది. అడిగినవాళ్లు శత్రువులు కాదు, ఆయన వెంట యుద్ధానికి బయలుదేరిన సొంత మనుషులే.

మళ్లీ మూసా (అ) జాతి దగ్గరికి వద్దాం. వాళ్లు తరాల తరబడి ఈజిప్టులో పెరిగారు. అక్కడ మెంఫిస్ నగరంలో ఆపిస్ అనే ఎద్దును దేవుడిగా కొలిచేవాళ్లు. అది చనిపోతే రాజులకు చేసినట్టు మమ్మీ చేసి, రాతి పెట్టెల్లో పెట్టి సమాధి చేసేవాళ్లు. 1851లో ఆగస్ట్ మారియట్ అనే ఫ్రెంచ్ పరిశోధకుడు సఖారా ఇసుక కింద ఆ ఎద్దుల సమాధుల సొరంగాలను బయటపెట్టాడు. దూడ రూపం ఈ అలవాటు నుంచే వచ్చిందని చాలామంది వ్యాఖ్యాతలు అంటారు. ఫిరౌన్ చేతిలోంచి శరీరాలు ఒక్క రాత్రిలో బయటపడ్డాయి గానీ, కళ్లకు పట్టిన అలవాటు అంత తొందరగా పోలేదు.

పది రోజుల ఆలస్యం

మూసా (అ) తూర్ పర్వతానికి వెళ్లారు. ముప్ఫై రాత్రుల గడువుకు అల్లాహ్ మరో పది కలిపాడు, నలభై అయ్యాయి. నాయకుడు చెప్పిన రోజుకు రాలేదు. ఆ ఖాళీలోకే సామిరీ వచ్చాడు.

ఇక్కడ తాహా సూరా ఒక చిన్న వివరం చెబుతుంది. ఆ జాతి దగ్గర ఈజిప్టు జనం నగలు ఉన్నాయి. వాటిని వాళ్లు 'బరువు' అన్నట్టుగా మాట్లాడారు. తమవి కాని సొమ్ము, మనసులో గుచ్చుకుంటున్న సొమ్ము. దాన్ని వదిలించుకోవాలని నిప్పుల్లో పడేశారు. సామిరీ దాంతో దూడను తయారుచేశాడు, దానిలోంచి అంబా అనే శబ్దం వచ్చింది. తర్వాత జరిగిన ప్రచారం ఇంకా గమనించదగ్గది. ఇది కొత్త దేవుడని ఎవరూ అనలేదు. మీ దేవుడూ మూసా దేవుడూ ఇదే, మూసా మరిచిపోయాడంతే అన్నారు. అంటే పాత పేరు అలాగే ఉంచి, దాని కిందికి కొత్త వస్తువు తెచ్చి పెట్టారు. ఆ దూడ ఒక్క మాటకు జవాబివ్వలేదు, లాభం గానీ నష్టం గానీ చేయలేదు కదా, అది కూడా వాళ్లు చూడలేదా అని ఖుర్ఆన్ నిలదీస్తుంది.

హజ్రత్ హారూన్ (అ) ఊరికే ఉండిపోలేదు. ఇది పరీక్ష అని హెచ్చరించారు. వాళ్లు ఆయన్ను బలహీనుడిగా లెక్కగట్టారు, చంపేంత దూరం వెళ్లారు. ఇప్పుడున్న తౌరాత్‌లో నిర్గమకాండం దూడను చేసింది హారూనే అని చెబుతుంది. ఖుర్ఆన్ ఆ నింద నుంచి ఆయన్ను పూర్తిగా విడిపించింది. మూసా (అ) తిరిగొచ్చాక ఆ దూడను కాల్చి, పొడి చేసి సముద్రంలో చల్లేశారు. వస్తువు పోయింది. కానీ దూడ మీది ప్రేమ వాళ్ల గుండెల్లోకి ఇంకిపోయిందని బఖరా సూరా అంటుంది.

నైలు లేని నేలలో

కొత్త తరం కనాను భూమిలో స్థిరపడింది, అంటే నేటి పాలస్తీనా ప్రాంతంలో. ఈజిప్టులో పంటకు నీళ్లు నైలు నది నుంచి వచ్చేవి. ఇక్కడ పెద్ద నది ఆధారం లేదు. శీతాకాలం వానలు పడితేనే గోధుమ, పడకపోతే ఆకలి. స్థానిక జనం ఆ వానకు ఒక యజమానిని పెట్టుకున్నారు, అతని పేరు బఅల్. 1928లో సిరియా తీరంలో రాస్ షమ్రా దగ్గర ఒక రైతు దున్నుతుంటే పాత సమాధి బయటపడింది. మరుసటి ఏడాది మొదలైన తవ్వకాల్లో ఉగారిత్ అనే నగరం, దాని మట్టి పలకలు దొరికాయి. బఅల్ మేఘాల మీద స్వారీ చేసేవాడనీ, అతను చస్తే నేల ఎండిపోతుందనీ వాటిలో కథలున్నాయి.

మందలు మేపుకునేవాళ్లు కొత్తగా సేద్యంలోకి దిగితే ఎవర్ని అడుగుతారు? పక్క పొలం రైతునే. అతను విత్తనం ఎప్పుడు వేయాలో చెబుతాడు, వాన కోసం ఏం చేయాలో కూడా చెబుతాడు. అతని దృష్టిలో ఆ రెండూ ఒకే పనిలో భాగాలు. ఎడారిలో కాపాడిన దేవుడు మూసా దేవుడు, పంట సంగతి మాత్రం ఈ ఊరి దేవుడు చూసుకుంటాడు. పనులు ఇలా పంచేసుకున్నారు. సమరియా కొండల్లో క్రీ.పూ. 12వ శతాబ్దం నాటి కంచు ఎద్దు బొమ్మ ఒకటి దొరికింది.

ఇక హజ్రత్ సులైమాన్ (అ) సంగతి. ముసలితనంలో భార్యల మాట విని పరాయి దేవతలకు గుళ్లు కట్టించారని బైబిల్ రాజుల గ్రంథం చెబుతుంది. ఖుర్ఆన్ దీన్ని ఒప్పుకోదు. సులైమాన్ అవిశ్వాసానికి పాల్పడలేదు, ఆ పని చేసింది షైతానులని బఖరా సూరాలో స్పష్టంగా ఉంది. ఈ తేడా తెలియక కొందరు మన పిల్లలు కూడా యూట్యూబ్ వీడియోల్లో విన్నదే నిజమనుకుంటున్నారు, అందుకే ఇక్కడ చెప్పాల్సి వచ్చింది.

పన్ను నుంచి దూడ దాకా

సులైమాన్ (అ) తర్వాత, క్రీ.పూ. 930 ప్రాంతంలో రాజ్యం రెండుగా చీలింది. రాజుల గ్రంథం చెప్పే కారణం భారం. పనుల బరువు తగ్గించమని ఉత్తరాది జనం అడిగితే కొత్త రాజు రెహబాము ఇంకా పెంచుతానన్నాడు. జనం విడిపోయి యరొబామును రాజుగా పెట్టుకున్నారు. యరొబాముకు అసలు బెంగ అప్పుడు మొదలైంది. బైతుల్ మఖ్దిస్ దక్షిణ రాజ్యంలో ఉంది. తన ప్రజలు బలులు, కానుకలు తీసుకుని ఏటా అక్కడికే వెళ్తే మనసు కూడా అటే తిరుగుతుంది. అందుకని దక్షిణ సరిహద్దు దగ్గర బేతేలులో ఒకటి, ఉత్తర కొసన దానులో ఒకటి, రెండు బంగారు దూడలు పెట్టించాడు. అంత దూరం వెళ్లడం మీకు కష్టం, మిమ్మల్ని ఈజిప్టు నుంచి తెచ్చిన దేవుడు ఇదిగో అన్నాడు. సామిరీ మాటే మళ్లీ, ఈసారి సింహాసనం మీది నుంచి. దీనిలో నమ్మకం కంటే లెక్క ఎక్కువ. జనానికి మాత్రం ప్రయాణం తగ్గింది, సంతోషించారు.

తర్వాత వచ్చిన అహాబు రాజు సిదోను రాజు కూతురు ఈజెబెలును పెళ్లాడాడు. సిదోను, తూరు అంటే ఆనాటి ఓడరేవులు, కలప, రంగు బట్టల వ్యాపారం. పెళ్లి పొత్తు లాభసాటిదే, రాజ్యం బలపడింది. క్రీ.పూ. 853లో ఖర్ఖర్ యుద్ధానికి అహాబు 2,000 రథాలతో వచ్చాడని అష్షూరు రాజు శిలాశాసనంలో రాయించుకున్నాడు. ఈ పొత్తుతో పాటు బఅల్ గుడి కూడా రాజధానికి వచ్చింది. అల్లాహ్ హజ్రత్ ఇల్యాస్ (అ)ను పంపింది ఈ కాలంలోనే అని వ్యాఖ్యాతలు చెబుతారు. సృష్టికర్తలలో సర్వోత్తముణ్ణి వదిలి బఅల్‌ను పిలుస్తారా అని ఆయన అడిగినట్టు సాఫ్ఫాత్ సూరాలో ఉంది. బైబిల్ ప్రకారం అప్పుడు కరువు నడుస్తోంది. అందరూ చెడలేదు కూడా. బఅల్‌కు మోకరించనివాళ్లు 7,000 మంది ఉన్నారని అదే గ్రంథం అంటుంది. మూసా జాతిలో సత్యం మీద నిలిచిన వర్గం ఒకటుందని ఆరాఫ్ సూరా కూడా చెబుతుంది.

ఒకే వాక్యంలో ఇద్దరు

1975-76లో సినాయ్ ఎడారిలో కుంతిలత్ అజ్రూద్ అనే చోట తవ్వకాలు జరిగాయి. సుమారు క్రీ.పూ. 800 నాటి మజిలీ అది. అక్కడి పెద్ద జాడీల మీద సిరాతో రాసిన దీవెనలు దొరికాయి. ఒకదానిలో ఇస్రాయీల్ దేవుడి పేరు, దాని పక్కనే ఆయన 'అషేరా' పేరు చెప్పి ఆ ఇద్దరి మీదుగా దీవించారు. ఆ మాటకు దేవత అని అర్థమా, ఆమె గుర్తుగా నిలబెట్టే కొయ్య అని అర్థమా అన్నదానిపై పండితుల్లో ఇంకా వాదం నడుస్తోంది. మన విషయానికి మాత్రం ఏ అర్థమైనా సరిపోతుంది. రాసినవాడు అల్లాహ్‌ను తిరస్కరించినవాడు కాదు, దీవెన కోరుకున్న బాటసారి. ఉర్దూలో వ్యాపారపు పొత్తును షరాకత్ అంటాం, వాటాదారును షరీక్ అంటాం. షిర్క్ అనే మాట పుట్టింది ఆ మూలం నుంచే. పాత యజమాని పేరు బోర్డు మీద అలాగే ఉంటుంది, లోపల వాటాలు మారతాయి.

పవిత్రమైన వస్తువులు కూడా దీనికి దారి అయ్యాయి. మూసా (అ) కాలం నాటిదని చెప్పే కంచు సర్పం ఒకటి యెరూషలేములో ఉండేది. తరాలు గడిచేసరికి జనం దానికి ధూపం వేయడం మొదలుపెట్టారు. హిజ్కియా రాజు దాన్ని ముక్కలు చేయించాడు. ఎంత ధైర్యం కావాలి ఆ పనికి! ప్రవక్త జ్ఞాపకంగా దాచుకున్న వస్తువును పగలగొట్టమనడం ఏ కాలంలోనూ తేలిక కాదు. నూహ్ (అ) జాతి విగ్రహాలు కూడా మొదట సత్పురుషుల జ్ఞాపకాలేనని ఇబ్ను అబ్బాస్ (రజి) చెప్పిన మాట బుఖారీలో ఉంది.

క్రీ.పూ. 722లో ఉత్తర రాజ్యం కూలింది. సమరియా నుంచి 27,290 మందిని చెరపట్టి తీసుకెళ్లానని అష్షూరు రాజు సర్గోన్ రాయించుకున్నాడు. క్రీ.పూ. 586లో యెరూషలేము కూడా బాబిలోన్ రాజు నెబుకద్నెజరు సైన్యాల చేతిలో పడింది. ఆ తర్వాత ఈజిప్టుకు పారిపోయిన కొందరు యిర్మీయా ప్రవక్తతో చేసిన వాదన బైబిల్‌లో ఉంది. ఆకాశరాణికి ధూపం వేసినన్నాళ్లు మాకు తిండికి లోటు లేదు, మానేశాకే అన్నీ పోయాయి అన్నారు వాళ్లు. అంతా పోగొట్టుకున్నాక కూడా లెక్క అలాగే వేశారు.

బాబిలోన్ చెర నుంచి తిరిగొచ్చినవాళ్లు చాలావరకు విగ్రహాలకు దూరమయ్యారు. తర్వాతి యూదులు బొమ్మల విషయంలో ఎంత పట్టుదలగా ఉన్నారో చరిత్రలో కనిపిస్తుంది. కానీ ఈజిప్టులో అస్వాన్ దగ్గర నైలు మధ్య ఎలిఫెంటైన్ దీవిలో స్థిరపడిన యూదు సైనికుల కాగితాలు వేరే కథ చెబుతాయి. క్రీ.పూ. 5వ శతాబ్దం చివరి కాలంలో రాసిన చందా జాబితా ఒకటి దొరికింది. తేదీ, పేర్లు, మనిషికి రెండు షెకెళ్ల వెండి, అంతా పద్ధతిగా ఉంది. పైన శీర్షికలో, యాహూ దేవుడికి వెండి ఇచ్చినవాళ్ల పేర్లు అని రాశారు. కింద వసూలైన మొత్తాన్ని పంచిన లెక్క ఉంది. యాహూకు 126 షెకెళ్లు, ఎషెంబేతేల్‌కు 70, అనత్‌బేతేల్‌కు 120.