లెక్కలోనికి రానివారు

పదియేండ్లకొక పర్యాయము మన వాకిట నిలిచి, ఇంట నెందఱున్నారో, ఎవరి వయస్సెంతయో వ్రాసికొని పోవు జనాభా లెక్కల గణకుని మనమందఱము నెఱుగుదుము. పెక్కు చోట్ల నతడు బడిపంతులే. అతని పట్టికయందలి యొక్క ప్రశ్నను గుఱించి యీ వ్యాసమున వ్రాయదలచితిని. ఇంట వికలాంగులు గలరా యనునదే యా ప్రశ్న. చూచుటకు చిన్నది, కాని దానిని పట్టికలో చేర్చుటకే మన దేశమున పెద్ద ప్రయత్నము జరుగవలసివచ్చెను.

1872 మొదలు 1931 వఱకు నాటి ప్రభుత్వమువారు గ్రుడ్డివారిని, చెవిటిమూగలను, మతిభ్రమ గలవారిని, కుష్ఠురోగులను లెక్కించుచుండిరి. 1941 నుండి 1971 వఱకు ఆ ప్రశ్నయే లేదు. 1981వ సంవత్సరమును ఐక్యరాజ్యసమితి వికలాంగుల సంవత్సరముగా ప్రకటించెను. ఆ యేడు మరల నడిగిరి. ఎట్లడిగిరి? పూర్తిగా గ్రుడ్డివారెందఱు, పూర్తిగా మూగవారెందఱు, పూర్తిగా అవిటివారెందఱు అని. వచ్చిన సంఖ్య సుమారు 11 లక్షలు.

అదే 1981లో జాతీయ నమూనా సర్వేవారు కొన్ని యిండ్లను మాత్రమే యేఱి, ప్రశ్నలను వివరముగా నడిగి, దేశమంతటికిని అంచనా కట్టిరి. సుమారు 1 కోటి 20 లక్షలని తేలెను. ఒకే దేశము, ఒకే సంవత్సరము, పదిరెట్ల భేదము! ఒక చేయి చచ్చుబడిన బాలుడును, పుస్తకమును ముఖమునకు ఆనించికొని చదువు బాలికయు "పూర్తిగా" అను మాటకు చిక్కరు గదా. గణితము నేర్చు విద్యార్థులు దీనిని గమనింపవలెను. కూడిక తప్పుకాకయే లెక్క తప్పు కావచ్చును. ప్రశ్న తప్పైనచో చాలును.

1991లో ఆ ప్రశ్న మరల మాయమయ్యెను. 1995లో పార్లమెంటు వికలాంగుల చట్టము చేసి, ఏడు విధముల వైకల్యములను గుర్తించి, ప్రభుత్వోద్యోగములలో నూటికి మూడు వంతులు వారికి కేటాయించెను. చట్టము కలిగెను; అది యెందఱికి వర్తించునో చెప్పు లెక్క మాత్రము లేదు. ఎందఱో తెలియనిచో ఎన్ని బడులకు వాలుదారి కట్టవలెను? ఎందఱు ఉపాధ్యాయులకు బ్రెయిలీ లిపి నేర్పవలెను? పద్దు వ్రాయువాడు సంఖ్యనే చూచును. కావున వికలాంగుల హక్కుల సంఘములవారు 2001 గణనయందు ఆ ప్రశ్న యుండి తీరవలెనని పట్టుపట్టిరి. చక్రముల కుర్చీలో తిరుగుచు పనిచేసిన జావేద్ అబిదీగారు వారిలో ముఖ్యులు. వారి పట్టుదల నెగ్గెను.

ఆ యేటి సంఖ్య 2 కోట్ల 19 లక్షలు. 2011లో 2 కోట్ల 68 లక్షలు. అవిభక్త ఆంధ్రప్రదేశమున 2001లో సుమారు 13 లక్షల 65 వేలమంది యుండగా, 2011లో సుమారు 22 లక్షల 66 వేలమంది తేలిరి. ఆ పదియేండ్లలో మన రాష్ట్ర జనాభా నూటికి 11 వంతున మాత్రమే పెరిగినది. కావున వైకల్యమే యింతగా ప్రబలినదని భ్రమపడరాదు. విభాగములు ఐదు నుండి ఎనిమిదియయ్యెను. అడుగు తీరు మాఱెను. చెప్పుటకు జంకువారును కొంత తగ్గియుందురని నా యూహ.

ఆ జంకు సంగతి కొంచెము చెప్పవలెను. పల్లెలలో అవిటి బిడ్డను పేరుపెట్టి పిలుచువారు తక్కువ. కుంటివాడు, మెల్లకన్నుది, నత్తివాడు అనియే పిలుతురు. బడి యావరణలోను ఆ పిలుపులు వినవచ్చుచుండుట విచారకరము. దినమంతయు అట్టి పిలుపు విను తల్లి, పరాయివాడు వాకిట నిలిచి యడిగినచో, "మా యింట నట్టివారెవ్వరును లేరు" అని గాక మఱేమనును? 2016 నాటి క్రొత్త చట్టము 21 విధముల వైకల్యములను గుర్తించి, ఉద్యోగముల వంతును నాలుగు చేసి, నూటికి 40 పాళ్లకు తక్కువకాని వైకల్యము గల బాలబాలికలకు 6 మొదలు 18 ఏండ్ల వఱకు ఉచితవిద్య హక్కని చెప్పినది. ఆ తల్లి నోరు విప్పనిచో ఆ హక్కు బిడ్డ దాక నెట్లు చేరును?

పరిశోధకులు దీనికొక యుపాయమును కనుగొనిరి. ఐక్యరాజ్యసమితి ప్రోత్సాహమున 2001లో ఏర్పడిన వాషింగ్టన్ బృందమువారు వైకల్యమను మాటనే యెత్తక ఆఱు ప్రశ్నలు కూర్చిరి. కంటియద్దములు పెట్టుకొన్నను చూచుట కష్టమా? వినుట, నడచుట లేక మెట్లెక్కుట, జ్ఞాపకముంచుకొనుట, స్నానాదులు చేసికొనుట, మాటలాడి తెలుపుట కష్టమా? ప్రత్యుత్తరములు నాలుగే: కష్టము లేదు, కొంత కలదు, చాల కలదు, అసలు చేయలేను. ఇట్లడిగిన సిగ్గుపడువారు తక్కువ. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2022లో ప్రపంచమున సుమారు 130 కోట్లమంది, అనగా ఆర్గురిలో నొకరు, గణనీయమగు వైకల్యముతో నున్నారని తెలిపెను. మన 2011 గణన చెప్పినది నూటికి 2.21 మాత్రమే.

పై తరగతుల విద్యార్థులు ఈ యాఱు ప్రశ్నలను తమ యింటివారిని మర్యాదగా నడిగి చూడవచ్చును. పేర్లు వ్రాయనక్కఱలేదు, ఎవరికిని చూపనక్కఱలేదు. మొదట నాయనమ్మను, తాతను అడుగుడు. తొందరపెట్టక, వారు చెప్పునది పూర్తియగువఱకు వినుడు.