చెయ్యి కదిలితే చిత్రం చెదురుతుంది

“కెమేరా మంచిదేనండీ, బొమ్మే మసగ్గా వస్తున్నది. మెగాపిక్సెళ్లు ఇంకా ఎక్కువున్నది కొనమంటారా?” మా రావికమతంలో నన్ను తరచు అడిగే ప్రశ్న యిది. కొనవద్దంటాను. మసక చాలాసార్లు కెమేరాలో లేదు. దాన్ని పట్టుకున్న చేతిలో వున్నది.

ఇది ఉబుసుపోక కబురు కాదు. పెద్దలు పోయిన తర్వాత పటం కట్టించడానికి ఫొటో వెతుక్కునే యిళ్లు ఎన్నో చూశాను. పెళ్లిలో తీసినవి పాతిక వుంటాయి. పెద్దది చేయిస్తే ఒక్కదానిలోనూ కన్ను తేటగా వుండదు!

1975లో కోడాక్ యింజనీరు స్టీవెన్ శాసన్ తయారుచేసిన డిజిటల్ కెమేరా పట్టింది పదివేల చుక్కలే. ఒక్క బొమ్మ క్యాసెట్టు టేపు కెక్కడానికి 23 సెకండ్లు పట్టేది. నేటి కెమేరాలో కోట్ల చుక్కలు. అయితేనేం? షట్టరు తెరుచుకున్న క్షణంలో చెయ్యి వణికితే అన్నీ అలుక్కుపోతాయి.

అంచేత మొదట చూడవలసింది షట్టరు వేగం. కూర్చున్న తాతగారికి సెకండులో 125వ వంతు చాలు. పరుగెత్తే మనుమడికి 500వ వంతు కావాలి. మా మండలంలోని కల్యాణపులోవ జలాశయం మీద ఎగిరే కొంగకు వెయ్యో వంతైనా వుండాలి.

వెలుతురు చాలదంటారా? ఐ.ఎస్.ఓ. పెంచండి. బొమ్మ మీద ఇసుక చల్లినట్టు కనిపిస్తుంది, నిజమే. ఆ ఇసుకను తర్వాత కొంత తగ్గించవచ్చును. చెదిరిన ముఖానికి ఈనాటి కంప్యూటరు పదును పెడతానంటుంది గాని, అది ఊహించి గీసిన కన్నే అవుతుంది. మీ అమ్మగారి కన్ను కాదు.

ఇక ఫోకసు. మనకు దగ్గరగా వున్న కంటి మీద నిలపండి. మోచేతులు డొక్కల కానించి, స్తంభాన్నో గోడనో ఆసరా చేసుకొని, మీట మెల్లగా నొక్కండి. స్టాండు మీద పెడితే రెండు సెకండ్ల టైమరు వుంచి చెయ్యి తీసెయ్యండి. డిజిటల్ జూము జోలికి పోకండి. అది ఉన్న బొమ్మలో ముక్క కోసి సాగదీయడమే. దానికి బదులు నాలుగడుగులు ముందుకు వెయ్యండి. లెన్సును పంచె చెంగుతో కాక మెత్తని లెన్సు గుడ్డతోనే తుడవండి.

ఈ ఆదివారం పొద్దుటి వెలుతురులో అమ్మమ్మగారిని వీథి అరుగు మీద కూర్చోబెట్టి ఒక ఫొటో తీయండి. అక్కడికక్కడే తెర మీద పెద్దది చేసి ఆమె కంటిరెప్పలు చూడండి. వెంట్రుకలు విడివిడిగా కనబడకపోతే, ఆవిడ లేవకముందే ఇంకొకటి తీయండి.