భుజం మీది బేతాళుడు

ఈ వారం దెయ్యాల సీరియల్ గురించి మాట్లాడతానంటే మా ఇంట్లోవాళ్ళే నవ్వారు. నవ్వితే నవ్వనీండి. ‘విక్రమ్ ఔర్ బేతాళ్’ అంటే నాకు చిన్ననాటి నుంచి ఇప్పటిదాకా తగ్గని ఇష్టం.

1985లో దూరదర్శన్‌లో అది మొదలయ్యేనాటికి నేనింకా పలకా బలపం పిల్లని. ఆదివారం సాయంత్రమైతే చాలు, పక్కింటివాళ్ళ ముందుగదిలో చాపమీద పిల్లలందరం చేరేవాళ్ళం. హిందీ ఒక్క ముక్క రాదు. అయినా కథ అర్థమైపోయేది. ఎలాగంటారా? మన ఇళ్ళల్లో చందమామ ఉండేది కదండీ! ఒక చేత కత్తి, భుజాన శవం, శ్మశానంలో నడిచే రాజు. శంకర్ గారు వేసిన ఆ బొమ్మ లేచి టీవీలో నడిచినట్టుండేది. రాజు వేషం అరుణ్ గోవిల్‌ది. తర్వాత 1987లో ఆయనే రాముడై ఇంటింటా దండాలు పెట్టించుకున్నాడు. రెండూ తీసింది రామానంద్ సాగర్ వాళ్ళే. బేతాళుడు సజ్జన్ అనే పాతకాలపు నటుడు. తెల్లజుట్టు విరబోసుకుని ఆయన నవ్వితే మా తమ్ముడు చాప కింద దూరేవాడు.

ఆ మాయలూ మంత్రాలూ ఇప్పటి పిల్లల కంటికి ఆనవు. నిజమే. కానీ నన్ను పట్టుకున్నది మాయ కాదు, షరతు.

ఈ కథలు కొత్తవి కావు. పదకొండో శతాబ్దంలో కాశ్మీరదేశపు సోమదేవుడు రాసిన కథాసరిత్సాగరంలో ఉన్నాయి. అందులో రాజు పేరు త్రివిక్రమసేనుడు, ఊరేమో మన గోదావరి ఒడ్డునే ఉన్న ప్రతిష్ఠానం, అంటే ఇప్పటి పైఠాన్. ఒక భిక్షువు పదేళ్ళపాటు రోజూ ఒక పండు తెచ్చి రాజు చేతిలో పెడతాడు. ఒకనాడు కోతి కొరికితే పండులోంచి రత్నం రాలుతుంది. అన్నేళ్ళు ఊరికే ఎవరిస్తారండీ? చెట్టుకి వేలాడే శవాన్ని మాట్లాడకుండా మోసుకురమ్మని అడుగుతాడు. శవంలో బేతాళుడున్నాడు. దారిపొడుగునా కథ చెప్పి చివర ప్రశ్న వేస్తాడు. జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది. చెబితే మౌనం పోయి శవం మళ్ళీ చెట్టెక్కుతుంది. చూశారా ఇరకాటం! రాజు ప్రతిసారీ జవాబు చెబుతాడు, ప్రతిసారీ వెనక్కి నడుస్తాడు. చందమామ వాళ్ళు ఈ కిటుకుతోనే పాత పాతికా అయిపోయినా దశాబ్దాలపాటు కొత్త కథలు అల్లారు.

పాత పుస్తకంలో మాత్రం చివర్న రాజు ఒక్కసారి ఊరుకుంటాడు. ఒక తండ్రీ కొడుకూ అడవిలో ఇద్దరాడవాళ్ళ అడుగుజాడలు చూసి, పెద్దపాదం ఆవిడ తండ్రికి, చిన్నపాదం ఆవిడ కొడుక్కి అని ముందే ఒప్పందం చేసుకుంటారు. తీరా చూస్తే చిన్నపాదాలు తల్లివి, పెద్దవి కూతురివి! మాట ప్రకారం పెళ్ళిళ్ళయ్యాయి. మరి వాళ్ళకి పుట్టిన పిల్లలు ఒకరికొకరు ఏమవుతారు? వరసలు కట్టడంలో మా అమ్మని మించినవారు లేరు. ఆవిడే వేళ్ళు మడుస్తూ మడుస్తూ వదిలేసింది. రాజుకీ తెలియలేదు, ఊరుకున్నాడు, తల పగల్లేదు. బేతాళుడు మెచ్చి భిక్షువు పన్నాగం బయటపెట్టాడు. నిన్ను సాష్టాంగపడమంటాడు, బలిస్తాడు, ముందు నువ్వు చేసి చూపించమను అని. రాజు అలాగే అని, భిక్షువు వంగగానే తల నరికాడు.

తెలియక ఊరుకుంటే తప్పులేదు. తెలిసి ఊరుకుంటేనే ప్రమాదం. చిన్నప్పుడు ఈ తేడా నాకు పట్టలేదు.

మా అత్తగారు పోయాక నగలు పంచుకున్నారు. గాజులజత పెద్ద తోటికోడలి వాటాకి పెట్టారు. ఆ జత చిన్న ఆడపడుచుకని అత్తగారు మంచంలో ఉండగా నాతో అన్నారు. విన్నదాన్ని నేనొక్కత్తినే. చెబితే ఇంట్లో గొడవ, పైగా నీకెందుకంటారు. మూడురోజులు నోరు కట్టుకున్నాను. అన్నం సయించలేదు, రాత్రి నిద్ర లేదు. నిజంగానే తల పగిలిపోతుందేమో అనిపించింది. నాలుగోనాడు అందరూ ఉండగా చెప్పేశాను.

గాజులు ఆడపడుచుకి చేరాయి. తోటికోడలు నాతో మాట మానేసింది. పండగలకి వెళ్ళినా “బాగున్నావా” అనేది కాదు. “అక్కయ్యా, కాఫీ తాగుతారా” అని నేనే వెళ్ళేదాన్ని, ఆవిడ కిటికీ వైపు తిరిగేది. శవం చెట్టెక్కిందన్నమాట. మళ్ళీ వెళ్ళేదాన్ని. పది నెలలు గడిచాయి. సంక్రాంతి ముందు ఒక మధ్యాహ్నం ఫోను మోగింది. “అరిసెలకి పాకం ఎంత ముదరాలే?” అంది ఆవిడ. నీళ్ళల్లో వేస్తే ఉండ కట్టాలి అక్కయ్యా, అన్నాను. గాజుల మాట ఆవిడా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.