కోరంగి ఓడ ఎక్కినవారు

దిల్‌సుఖ్‌నగర్‌లోనో, ఎల్బీనగర్‌లోనో రాత్రిపూట కాకినాడ బస్సు ఎక్కి నిద్రపోతే, తెల్లవారేసరికి గోదావరి దాటి సముద్రతీరానికి చేరుకుంటారు. కాకినాడకు దక్షిణాన కోరంగి అనే ఊరున్నది. ఇప్పుడక్కడ మడఅడవులూ, పక్షులూ చూడవచ్చు. రెండువందల ఏళ్ళ కిందట మటుకు అది పేరుమోసిన రేవు. తెరచాప ఓడలు అక్కడే కట్టేవారు. గాలి అనుకూలిస్తేనే అవి కదిలేవి.

మారిషస్ ద్వీపం పేరు మీరు భూగోళంలో చదివే ఉంటారు. అక్కడి చెరకుతోటల్లో పూర్వం బానిసలు పనిచేసేవారు. 1835లో బానిసత్వం పోయింది. మరి చెరకు ఎవరు నరకాలి? తోటల యజమానులు మన దేశంనుంచి కూలీలను రప్పించారు. ఐదేళ్ళ ఒప్పందం, నెలకు 5 రూపాయల జీతం! 1834 మొదలు 1920 దాకా దాదాపు 5 లక్షలమంది అలా వెళ్ళారు. వారిలో తెలుగువాళ్ళు వేలమంది. చాలామంది కోరంగిలో ఓడ ఎక్కినవాళ్ళు గనక, అక్కడ తెలుగువాళ్ళందరికీ "కోరంగీలు" అన్న పేరే స్థిరపడింది.

వారాల తరబడి సముద్రంమీద వెళ్ళినవాడు తిరిగి వస్తాడో, రాడో! చదువు రాదు గనక చాలామంది ఉత్తరమైనా రాయలేరు. అయితే వారి జాడ ఒకచోట మిగిలింది. పోర్ట్ లూయిస్ రేవులో దిగినవారి వివరాలన్నీ గుమాస్తాలు పెద్ద చిట్టాల్లోకి ఎక్కించేవారు. మనిషికొక నంబరు. పేరు, తండ్రిపేరు, వయస్సు, ఎత్తు, కులం, ఒంటిమీది మచ్చ, స్వగ్రామం, ఎక్కివచ్చిన ఓడ. తరవాతి కాలంలో ఫొటోకూడా తీశారు. ఆ చిట్టాలు ఇప్పటికీ మోకా అనే ఊళ్ళో, మహాత్మాగాంధీ సంస్థలో భద్రంగా ఉన్నాయి.

వాటిని చదవటం తమాషా అయిన పని. గుమాస్తాలకు మన ఉచ్చారణ పట్టుబడేది కాదు. మన ఊళ్ళపేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో పడి గుర్తుపట్టలేనట్టు మారిపోయాయి. కళ్ళతో చదివితే అర్థం కావు. పైకి చదివితే తెలుగు చెవికి ఒక్కోసారి తట్టుతాయి!

మనుషుల పేర్లకు ఇంకొక చిత్రం జరిగింది. మన ఇంటిపేరు ముందు వస్తుంది గదా? అక్కడ ఓడ దిగిన తాతపేరే మనమలకు ఇంటిపేరై, చివర చేరింది. అప్పడు అనే ఆయన సంతతివారందరూ "అప్పడూ"లే!

ఆ కుటుంబాలవారు నంబరు చెప్పి, తాతగారి వివరాల నకలు తీసుకుంటారు. అందులోని తాలూకానూ, గ్రామాన్నీ పట్టుకుని ఇక్కడికి వస్తే ఊరు దొరకవచ్చు. కాని ఆ ఊళ్ళో ఎందరు అప్పళ్ళు ఉండేవారో! మన తాత ఏ ఇంటివాడు? మచ్చకు గడి ఉన్న ఆ చిట్టాలో ఇంటిపేరుకు గడి లేదు.